మంచాల కింద సంచులు

రెండేళ్ల క్రిందట ఒక ఆదివారంనాడు మా అక్కయ్య, బావగారు మా ఇంటికి వచ్చారు. చేతిలో కాఫీ చల్లారక ముందే అసలు సంగతి బయట పెట్టారు. మా మేనల్లుడికి నీట్‌లో వచ్చిన ర్యాంకుకు కన్వీనరు కోటాలో సీటు దొరకదు. ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో మేనేజిమెంటు కోటా సీటు ఉన్నదట. ఏడాదికి పది లక్షల పైమాట. బావగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. రెండెకరాల మామిడితోట అమ్మితే గాని ఆ సొమ్ము పుట్టదు.

"నువ్వు కాలేజీలో పనిచేస్తున్నావు గదటోయ్, ఒకసారి వచ్చి ఆ కాలేజీ చూసి మంచిదో చెడ్డదో చెప్పు" అన్నారు బావగారు.

నేను చెప్పే పాఠం తెలుగు. ఉత్పలమాలలో గణాలు సరిపోయాయా అని అడిగితే చెప్పగలను గాని, శవాలను కోసి చూపే గదిలో హంగులు సరిపోయాయా అంటే ఏం చెప్పను? ఆ మాటే అన్నాను. అక్కయ్య ఊరుకోలేదు. "తోట అమ్మేది మేము. చూసి రావడానికి నీకేం పోయింది?" అన్నది. నాకింక నోరు పెగల్లేదు.

ఆ రాత్రి, ఒకప్పుడు నా దగ్గర ఇంటరు చదివి ఇప్పుడొక ప్రభుత్వ వైద్య కళాశాలలో అసిస్టెంటు ప్రొఫెసరుగా ఉన్న అమ్మాయికి ఫోను చేశాను. ఆమె నవ్వింది. "మాస్టారూ, భవనాలు చూడకండి. లైబ్రరీ చూడకండి. పొద్దున పదింటికి ఓ.పి. దగ్గర నిలబడండి. తరువాత వార్డుల్లోకి వెళ్లి మంచాల కింద చూడండి" అన్నది.

"మంచాల కింద ఏముంటుందమ్మా?"

"చూస్తే మీకే తెలుస్తుంది."

ఆమె చెప్పినదాన్ని బట్టీ, తరువాత నేను చదువుకున్నదాన్ని బట్టీ నాకు అర్థమైనదేమంటే, వైద్య కళాశాల అనేది ముందు ఆసుపత్రి, ఆ తరువాత కళాశాల. మా కాలేజీకి నల్లబల్ల, బెంచీలు, ఒక లెక్చరరు ఉంటే పాఠం జరిగిపోతుంది. అక్కడ రోగి లేకపోతే పాఠమే లేదు. అందుకే జాతీయ వైద్య కమిషను 2023లో పెట్టిన కొలతలు మంచాలతోనే మొదలవుతాయి. యాభై సీట్లున్న కళాశాలకు 220 పడకల ఆసుపత్రి ఉండాలి. వంద సీట్లకు 420, నూటయాభైకి 605. మంచాలు వేసి దుప్పట్లు పరిస్తే చాలదు. ఏడాది పొడుగునా నూటికి ఎనభై మంచాల మీద రోగులు ఉండాలి. వంద సీట్ల కళాశాలలో ఏ రోజు లెక్క చూసినా మూడువందల ముప్ఫయి మందికి పైగా పడుకొని ఉండాలన్నమాట. ఊరికి దూరంగా, చేల మధ్య కట్టిన ఆసుపత్రికి అంతమంది ఎక్కడినించి వస్తారు? చికిత్సకు డబ్బు పుచ్చుకుంటే రారు, పుచ్చుకోకపోతే జీతాలు గిట్టవు. కళాశాల నడిపేవాడి నిద్ర చెడేది ఇక్కడే.

ఇంక పరిపాలన సంగతి. సర్కారీ కళాశాలలో ఇద్దరు యజమానులు. కళాశాల ప్రిన్సిపాలుది, ఆసుపత్రి సూపరింటెండెంటుది. ప్రొఫెసరు పాఠం చెప్పేటప్పుడు ఒకరి కింద, రోగిని చూసేటప్పుడు ఇంకొకరి కింద పనిచేస్తాడు. ఇద్దరికీ సఖ్యత ఉంటే ఫరవాలేదు. లేకపోతే ఒక ఎక్సురే యంత్రం బాగుచేయించడానికి కాగితం రెండు గదుల మధ్య నెలల తరబడి తిరుగుతుంది. వాళ్లిద్దరి పైన వైద్య విద్యా సంచాలకుడు. పరీక్షలు పెట్టేది, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. సీట్లు ఎన్నో చెప్పేది ఢిల్లీలో కమిషను. ప్రైవేటు కళాశాల అయితే ఇన్ని చాలక, సొమ్ము పెట్టిన ట్రస్టువారు ఉంటారు. ఫీజు ఎంతో చెప్పే కమిటీ వేరు. ఇంతమంది పెత్తనం చేసే సంసారం మన ఉమ్మడి కుటుంబాల్లో కూడా ఉండదు.

మన ప్రాంతంలో ఈ కళాశాలల కథ పాతదే. 1846లో నాలుగో నిజాము నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాదులో వైద్య పాఠశాల మొదలైంది. ఈనాటి ఉస్మానియా వైద్య కళాశాలకు అదే మూలం. అక్కడ మొదట పాఠాలు చెప్పింది ఉర్దూలో. దేశభాషలో వైద్యం బోధించారన్న మాట వింటే తెలుగు పంతులుకి కాస్త అసూయ కలగడం సహజం. విశాఖపట్నంలో 1923లో ఆంధ్ర వైద్య కళాశాల, గుంటూరులో 1946లో ఇంకొకటి వచ్చాయి.

ఆ తరువాతివాటిలో ఒక విశేషం ఉన్నది. ఇప్పుడు సికిందరాబాదులో గాంధీ అని పిలుచుకునే కళాశాల 1954లో పీపుల్స్ మెడికల్ కాలేజి అనే పేరుతో సర్కారు సాయం లేకుండా పుట్టింది. రెండేళ్లకు ప్రభుత్వం తీసుకున్నది. కాకినాడలో 1958లో వచ్చిన రంగరాయ, వరంగల్లులో 1959లో వచ్చిన కాకతీయ, బెజవాడలో 1980లో వచ్చిన సిద్ధార్థ, ఇవన్నీ సంఘాలు స్థాపించినవే. ఇవాళ అన్నీ ప్రభుత్వ కళాశాలలే. పెద్దలు చందాలు పోగుచేసి కట్టడం వరకూ చేయగలిగారు గాని, ఏటేటా ఆసుపత్రిని పోషించడం అంత తేలికైన పని కాదని దీన్నిబట్టి నాకు తోస్తున్నది.

మరి ఆ పోషణకు డబ్బెక్కడిది? 1953లో మణిపాల్‌లో టి.ఎం.ఎ. పాయ్ కస్తూర్బా వైద్య కళాశాల పెట్టి, విద్యార్థుల ఇళ్లనుంచే రాబట్టవచ్చునని చూపించారు. మన జిల్లాల నుంచి ఎందరో ఆ దారి పట్టారు. చూసి నేర్చుకున్నవాళ్లు చాలామంది అయ్యారు. కాపిటేషను ఫీజు అన్నమాట ఇంటింటా వినిపించసాగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1983లో దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 1986లో బెజవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టి, వైద్య కళాశాలలన్నిటినీ దాని గొడుగు కిందికి తెచ్చింది. అయినా 1992లో అదే రాష్ట్రంలో ప్రైవేటు వైద్య, దంత కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టివేసింది. ఆ దెబ్బకు ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు పదవి వదులుకోవలసి వచ్చింది. కళాశాలల అనుమతుల మీద ఒక ప్రభుత్వాధినేత దిగిపోవడం మాటలు కాదు. అప్పుడు నేను బడిలో చదువుకుంటున్నాను. అరుగు మీద పేపరు చుట్టూ చేరి పెద్దలు వాదించుకోవడం గుర్తున్నది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే కొత్త కళాశాలకు కేంద్రం అనుమతి తప్పనిసరి చేస్తూ చట్టాన్ని సవరించారు. దానితో తాళంచెవి వైద్య మండలి చేతికి వెళ్లింది. తాళంచెవి ఉన్నచోటికే దొంగచూపులూ వెళతాయి కాబోలు. 2010 ఏప్రిల్‌లో ఆ మండలి అధ్యక్షుడే లంచం ఆరోపణపై అరెస్టయ్యాడు. మండలిని రద్దుచేసి గవర్నర్ల బోర్డును వేశారు. చివరకు 2020 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషను వచ్చింది. ఈలోగా కళాశాలలు పెరుగుతూనే ఉన్నాయి. 2014లో దేశంలో 387 ఉండగా, పదేళ్లలో 780కి చేరాయి. మంచాలు పెరిగినంత వేగంగా పాఠం చెప్పేవాళ్లు పెరగలేదు. అందుకే తనిఖీనాడు మాత్రమే కనిపించే ప్రొఫెసర్ల కథలు పుట్టాయి. వేలిముద్ర హాజరు పెట్టారు. 2025 నుంచి ఫోనులో ముఖం చూపించమంటున్నారు. ముఖం చూపించినవాడు పాఠం చెప్పాడో లేదో కనిపెట్టే యంత్రం ఇంకా రావలసి ఉన్నది.

సరే, ఒక గురువారంనాడు బావగారూ, నేనూ ఆ కాలేజీకి వెళ్లాం. పేరు చెప్పను. గేటు దగ్గరనుంచీ పాలరాయి. లోపల ఫౌంటెను. ఆఫీసులో చల్లని గది, చల్లని మజ్జిగ. అక్కడి ఉద్యోగి బావగారిని "సార్, సార్" అంటూ రంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. ఆసుపత్రి చూస్తామంటే అతని ముఖం కొంచెం చిన్నబోయింది గాని కాదనలేదు.

పదిన్నరకు ఓ.పి. హాలులో కుర్చీలు వందకు పైగా ఉన్నాయి. మనుషులు పదిహేనుమంది ఉంటారు. పై అంతస్తులో మగవాళ్ల సర్జికల్ వార్డు. నలభై మంచాలు, తెల్లని దుప్పట్లు, ఎక్కడా మడత నలగలేదు. నాకు మా అమ్మాయి మాట గుర్తొచ్చి వంగి చూశాను. మంచాల కింద నాపరాళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. సంచి లేదు, చెంబు లేదు, చెప్పులు లేవు, ఫ్లాస్కు లేదు. మన పల్లెటూరివాడు ఆసుపత్రిలో చేరితే సగం సంసారం మంచం కిందికి వస్తుంది. అది లేని మంచం మీద ఎవరూ పడుకోలేదన్నమాట.

చివరి మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. "ఏం జబ్బు తాతా?" అని అడిగాను.

"ఏం లేదు బాబూ. ఊళ్లోకి బస్సు వచ్చింది. బీపీ చూస్తాం, మూడు రోజులుండు, భోజనం పెడతామన్నారు. కూర బాగానే ఉన్నది" అన్నాడు.

శంకర్‌దాదా సినిమాలో తండ్రి ఊరినుంచి వచ్చినప్పుడు ఇల్లంతా ఆసుపత్రిగా మారిపోయే దృశ్యానికి అందరం నవ్వాం. బావగారు ఆ పూట నవ్వలేదు. రంగుల పుస్తకాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, మెట్లు దిగుతూ ఒకే ఒక్క మాట అడిగారు. "ఇక్కడ చదివినవాడు మొట్టమొదటి కడుపునొప్పి ఎక్కడ చూస్తాడోయ్?"

ప్రైవేటు కళాశాలలన్నీ ఇలాంటివే అనడం అన్యాయం. పెళ్లికి వెళ్లిన ఇంకొక ఊళ్లో మరో కళాశాల ఆసుపత్రి చూశాను. అక్కడ పురుళ్ల వార్డు వరండాలో ఊయలలు కట్టుకుని మూడు కుటుంబాలు సంక్రాంతి సంబరంలా ఉన్నాయి. ఒక లేడీ డాక్టరు చుట్టూ పదిమంది విద్యార్థులు నిలబడి, ఒక గర్భిణి పొట్ట మీద చేయి ఎక్కడ వేయాలో నేర్చుకుంటున్నారు. అక్కడా ఫీజు తక్కువేమీ కాదు.

తోట అమ్మలేదు. అక్కయ్య నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మావాడు ఇంకో ఏడాది కూర్చుని మళ్లీ పరీక్ష రాశాడు. ఈసారి కన్వీనరు కోటాలో, కొత్తగా తెరిచిన ఒక ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చింది. చేర్పించడానికి వెళ్లిన రోజు సాయంకాలం బావగారు ఫోను చేశారు.

"ఏమోయ్, మంచాల కింద చూశాను. కాలు పెట్టడానికి చోటు లేదు. సంచుల మధ్య పిల్లలు కూడా పడుకున్నారు."

"అయితే ఇంకేం బావగారూ!"

"అంతా బాగానే ఉన్నదిగాని, ఎనాటమీ చెప్పే ప్రొఫెసరుగారు ఇంకా రాలేదట. ఎప్పుడొస్తారని అడిగితే ప్రిన్సిపాలుగారు పైకి చూసి, రాశాం అన్నారు."