అధిక పాల వెనుక దాగిన పిండ మరణం

కృత్రిమ గర్భధారణ చేయించిన ఆవు చూలు నిలువక తిరిగి పొర్లినప్పుడు, కారణాన్ని సాధారణంగా మేపులోనో, ఖనిజ లవణాల లోపంలోనో, గర్భాశయ వ్యాధులలోనో వెదకడం పరిపాటి. తరచుగా అది అక్కడే దొరుకుతుంది కూడా. అయితే కొన్ని ఆవులలో ఫలదీకరణ సక్రమంగా జరిగిన తరువాతనే పిండం నశిస్తుంది. అట్టి నష్టానికి మూలం ఒక్కొక్కసారి ఆంబోతు ఎంపికలో ఉంటుంది.

అమెరికాలో 1962లో జన్మించిన పానీ ఫార్మ్ అర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆంబోతు చరిత్ర ఇందుకు నిదర్శనం. దాని సంతతి పాల దిగుబడిలో మేటి కావడం వలన వీర్యాన్ని విరివిగా వాడారు. కుమార్తెలే సుమారు 16 వేలు. మునిమనుమరాళ్ళు 20 లక్షలకు పైబడ్డాయి. అమెరికా హోల్‌స్టీన్ జాతి జన్యుసంపదలో దాదాపు 14 శాతం ఈ ఒక్క పశువు నుండి సంక్రమించినదే. దానితోపాటు 5వ క్రోమోజోమ్‌పై గల ఏపాఫ్-1 జన్యువులోని ఒక లోపం కూడా వ్యాపించింది. ఒక ప్రతి ఉన్న పశువు ఆరోగ్యంగానే ఉంటుంది. తల్లి, తండ్రి ఇరువురి నుండి లోపప్రతి అందిన పిండం మాత్రం బ్రతుకదు.

ఇంతకాలం ఎవరి దృష్టికీ రాకపోవడంలో వింత లేదు. ఆవు మరల ఎదకు వస్తుంది, రిజిస్టరులో 'చూలు నిలువలేదు' అని నమోదవుతుంది, అంతే. 2011లో అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని పట్టుకొన్న పద్ధతి గమనింపదగినది. వారు వెదకినది రోగగ్రస్తమైన దూడను కాదు, అసలు పుట్టని దూడను. వేలాది పశువుల జన్యు వివరాలలో రెండు ప్రతులుగా ఎన్నడూ కనబడని ఖండాలు పిండ మరణ స్థానాలను చూపాయి. ఈ లోపం వలన సుమారు 5.25 లక్షల గర్భస్రావాలు, 42 కోట్ల డాలర్ల నష్టం సంభవించాయని అంచనా. అదే ఆంబోతు వలన పెరిగిన పాల విలువ 3,000 కోట్ల డాలర్లని కూడా అదే అంచనా తెలుపుతున్నది!

చీఫ్ విషయంలో పాల గుణం, ప్రాణాంతక లోపం ఒకే పశువులో కలిసి ప్రయాణించాయి. నార్డిక్ ఎర్ర జాతులలో సమస్య మరింత జటిలం. అక్కడ 12వ క్రోమోజోమ్‌లో 660 కిలోబేసుల ఖండం లోపించిన పశువులు అధికంగా పాలిస్తాయి. రెండు ప్రతులలోను లోపిస్తే పిండం చనిపోతుంది. 2014లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం డెన్మార్క్ ఎర్ర పశువులలో 13, స్వీడన్‌లో 23, ఫిన్లాండ్‌లో 32 శాతం ఈ లోపానికి వాహకాలు. పాలకై చేసిన ఎంపికయే లోపాన్ని పోషించిందన్నమాట.

వాహక పశువులన్నింటినీ ఏరివేయడం ఇందుకు పరిష్కారం కాజాలదు. మంచి పాల వంశాలు కూడా వాటితో పోతాయి. రెండు వాహకాలను జతపరచకుండుటయే ప్రధానం. జతపరిస్తే నాలుగింట ఒక పిండం నశిస్తుంది. వాహక ఆంబోతు కుమార్తెలలో సగం వాహకాలు కనుక, వాటన్నింటికీ మరల అదే ఆంబోతు వీర్యం వాడితే ఎనిమిదింట ఒక పిండం పోతుంది.

మన దేశపు వీర్య కేంద్రాలలో హోల్‌స్టీన్, దాని సంకర ఆంబోతులకు బ్లాడ్ వంటి జన్యులోపాల పరీక్ష తప్పనిసరి. కాని గ్రామంలో ఆవు తండ్రి ఎవరో తెలియనప్పుడు జతపరచడంలో జాగ్రత్త అసాధ్యం. తిరిగి పొర్లే సంకరజాతి ఆవును పరీక్షించేటప్పుడు చెవిపోగు సంఖ్యతోపాటు, దాని తండ్రి సంఖ్యను, ఇంతకుముందు వాడిన వీర్యపు ఆంబోతు సంఖ్యను అడిగి వ్రాసుకొనడం విస్తరణాధికారి తొలి పని.