టోక్యోలో బాపుతో తిన్న చోట్లు

టోక్యో టికెట్లు బుక్ చేశానని చెప్పగానే బాపు అన్న మొదటి మాట: "ఆడ చేపలు పచ్చియే తింటరట గద బిడ్డా. మీ అవ్వకు జెప్పు, అటుకులు గట్టియ్యుమను."

మాది లక్సెట్టిపేట. గోదావరి ఒడ్డున ఊరు కాబట్టి చేపలు మాకు కొత్త కాదు. కానీ చేపంటే పులుసు, లేదంటే ఫ్రై. బాపు ఇరవై రెండేళ్లు దుబాయ్‌లో పనిచేశాడు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండి పోయేవాడు. లెక్కేస్తే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్న పూటలు చాలా తక్కువ. అందుకే ఈ ఎనిమిది రోజుల ట్రిప్‌లో టవర్ల కన్నా, గుళ్ల కన్నా నాకు ముఖ్యమైంది మా తిండి ప్లానే. షరతులు మాత్రం గట్టివే. బాపు పెద్దకూర, పంది మాంసం ముట్టడు. శనివారం అసలు నీసే ముట్టడు.

మొదటి రోజే బోల్తా పడ్డా. హోటల్ పక్కన చిన్న షాపు. బయట మెషీన్‌లో డబ్బులేసి, ఫొటో చూసి బటన్ నొక్కితే టోకెన్ వస్తుంది. అన్నం మీద గోధుమ రంగు కర్రీ, చూడ్డానికి బాగుంది. బాపు రెండు చెంచాలు తిన్నాక, ఎందుకో అనుమానమొచ్చి టోకెన్‌ను ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేశా. పెద్దకూర. బాపు ఏమీ అనలేదు. చెంచా పక్కన పెట్టి, నీళ్లు తాగి బయటికొచ్చాడు. ఆ రాత్రి ఇద్దరం అటుకులే తిన్నాం. "దుబాయ్‌ల గూడ మొదటి వారం నాది గిదే కత" అన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

మీరు నాలా చేయకండి. డబ్బులు వేయకముందే కెమెరా ట్రాన్స్‌లేట్ పెట్టండి. నాలుగు మాటలు గుర్తుంచుకోండి: 'గ్యు' అంటే పెద్దకూర, 'బుటా' అంటే పంది, 'తోరి' అంటే కోడి, 'ఎబి' అంటే రొయ్య. గల్లీ గల్లీకీ కనిపించే యోషినోయా, సుకియాల్లో ఫేమస్ ఐటమ్ గ్యుడోన్, పేరులోనే ఉంది చూడండి. జపాన్ కర్రీల్లో పైన చికెన్ ఉన్నా, గ్రేవీలో వేరే జంతువు కొవ్వు ఉండొచ్చు. అడిగి తినడమే మేలు.

మర్నాడు పొద్దున మమ్మల్ని కాపాడింది సెవెన్ ఇలెవన్. నవ్వకండి, జపాన్‌లో కన్వీనియన్స్ స్టోర్లు నిజంగానే తినడానికి మంచి చోట్లు. ఒనిగిరి అని మూడు మూలల అన్నం ముద్ద ఉంటుంది, చుట్టూ ఎండబెట్టిన సముద్రపు నాచు. మధ్యలో 'ఉమే' ఉన్నది తీసుకున్నా. అదో ఉప్పుడు పండు, పుల్లగా ఉంటుంది. బాపు ఒక ముక్క కొరికి ఆగాడు. "గిదేందే, తొక్కన్నమే గద!" అని రెండోది అడిగాడు. ఆ మాటతో సగం బరువు దిగింది.

మధ్యాహ్నం తెన్యా అనే చెయిన్‌కు వెళ్లాం. అక్కడ దొరికేది తెండోన్. వేడి అన్నం మీద రొయ్య, చేప, గుమ్మడికాయ, బీన్స్ తెంపురాలు పెట్టి తియ్యటి సాస్ పోస్తారు. తెంపురా అంటే దాదాపు మన బజ్జీయే. కాకపోతే శనగపిండి కాదు, గోధుమపిండి. ఈ వంటకాన్ని 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తెచ్చారంటారు. మిరపకాయ బజ్జీ లేదని బాపు కొంచెం నిరాశ పడ్డాడు కానీ, గిన్నె ఖాళీ చేశాడు.

ఇక సుషీ. ఖరీదైన చోట్లు చాలా ఉన్నాయి గానీ, ఫస్ట్ టైమ్ వెళ్లేవాళ్లకు నా ఓటు కన్వేయర్ బెల్ట్ సుషీకే. 1958లో ఒసాకాలో షిరాయిషి యోషియాకి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద పోవడం చూసి, ప్లేట్లు ఎందుకు పోకూడదని మొదలుపెట్టిందే ఇది. మేం కురా సుషీకి వెళ్లాం. టచ్ స్క్రీన్‌లో ఇంగ్లిష్ ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ప్లేటు వంద యెన్లకు కాస్త పైన మొదలవుతుంది. వంద యెన్లంటే మన అరవై రూపాయల లోపే. తిన్న ప్లేట్లు టేబుల్ పక్కన ఉన్న సందులో వేయాలి. ఐదు వేస్తే స్క్రీన్ మీద ఒక గేమ్ వస్తుంది. గెలిస్తే బొమ్మ.

బాపు మొదట గుడ్డు సుషీ, తర్వాత ఉడికించిన రొయ్య తిన్నాడు. నేను పైపైన కాల్చిన సాల్మన్ పెట్టా. కళ్లు మూసుకుని నమిలాడు. "నీసు వాసనే లేదు" అన్నాడు. ఇక ఆగలేదు. ఆకలి కంటే గేమ్ కోసమే అనుకోండి, ఇద్దరం పదిహేను ప్లేట్లు వేశాం. మూడుసార్లు ఆడితే ఒకసారి బొమ్మ వచ్చింది. మనవరాలికని జేబులో వేసుకున్నాడు.

చిన్న హెచ్చరిక. ఇంటికొచ్చి ఎల్లంపల్లి చేపతో సుషీ ట్రై చేయకండి. మంచినీళ్ల చేపల్లో పరాన్నజీవుల ప్రమాదం ఉంటుంది. పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఎఫ్‌డీఏ సూచన. మన ఇంటి ఫ్రిజ్‌ను నమ్ముకోలేం.

శనివారం టోక్యో స్టేషన్‌లోని టీస్ తాన్‌తాన్‌లో గడిచింది. నువ్వులతో చేసే తాన్‌తాన్ రామెన్ ఫేమస్. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఇది టికెట్ గేటు లోపల ఉంటుంది కాబట్టి, రైలు దిగినప్పుడో ఎక్కేముందో తినేలా ప్లాన్ చేసుకోండి.

షింజుకులో నకమురాయాకు మాత్రం కొంచెం ఎక్కువ ఖర్చైనా వెళ్లండి. విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ 1915లో బ్రిటిష్ వాళ్ల నుంచి తప్పించుకుని జపాన్ చేరినప్పుడు, ఈ బేకరీ నడిపే సోమా దంపతులే దాచిపెట్టారు. తర్వాత వాళ్ల కూతురు తోషికోను ఆయన పెళ్లి చేసుకున్నాడు. ఆమె 1925లో చనిపోయింది. రెండేళ్లకు, 1927లో, ఆయన నేర్పిన భారతీయ చికెన్ కర్రీ ఈ షాపు మెనూలోకి వచ్చింది. ఇప్పటికీ ఎముకతో ఉన్న కోడి ముక్కలతోనే వడ్డిస్తారు. ఈ కథ చెప్పి, "పెయ్యి దేశం బయట ఉన్నా నాలిక ఇంట్లనే ఉండె" అన్నాడు బాపు. ఆయన బోస్ గురించి అన్నాడో, తన గురించి అన్నాడో నేనడగలేదు.

ఇచిరాన్ రామెన్ షాపు కూడా చూపించా. తినడానికి కాదు, ఆ సూప్ పంది ఎముకలది. ఒక్కొక్కరికీ చెక్కలతో వేరు చేసిన చిన్న గూడు, ముందు చిన్న కిటికీ. ఒంటరిగా ట్రిప్ వెళ్లేవాళ్లకు సూపర్. బాపు లోపలికి తొంగి చూసి, "మా క్యాంపుల గిట్లనే గోడ దిక్కు జూసుకుంట తినెటోళ్లం. పా పోదాం" అన్నాడు. నేరుగా మళ్లీ కురాకే తీసుకెళ్లా. పక్కపక్కన కాదు, ఎదురెదురుగా కూర్చున్నాం.

మనసు మరీ ఇంటి మీదకు పోతే ఒకాచిమాచిలో ఆంధ్రా కిచెన్ ఉంది, ఉయెనో పక్కనే. చారు పోసుకుని అన్నం తినొచ్చు. మాకు ఆ అవసరం ఏడో రోజున వచ్చింది.

వచ్చేటప్పుడు బాపు అమ్మ కోసం ఉమే పండ్ల ప్యాకెట్ కొన్నాడు. లక్సెట్టిపేటలో అమ్మ ఒకటి నోట్లో వేసుకుని మొహం ముడిచింది. "ఉప్పు కషం. గింత దూరం బోయి గిది దెచ్చిన్రా? నా ఉసిరికాయ తొక్కే నయం" అంది. బాపు మాత్రం అన్నంలో నంజుకుంటూనే ఉన్నాడు.