రన్‌అవే టబ్బు

గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుల ఇండ్లల్లో వినపడే ఇంగ్లీషు మాటల్లో ‘రన్‌అవే’ ఒకటి. ‘రన్’ అంటే ఉరుకు. ‘అవే’ అంటే దూరంగా. రెండూ కలిస్తే ‘పట్టు తప్పి ఉరికే’ అని అర్థం. బ్రేకు పడక దిగువకు పోయే లారీ రన్‌అవే లారీ.

ఇల్లు విడిచి పారిపోయిన పిల్లవాడిని కూడా ఇంగ్లీషులో ఇదే మాట అంటారు. కాని పిల్లవాడు తనంతట తాను పోతాడు. టబ్బుకు ఆ బుద్ధి ఎక్కడిది?

ఇంక్లైన్ అంటే ఏటవాలుగా దిగే బాయి. పైన హాలేజీ ఇంజను ఉంటది. దాని డ్రమ్ముకు ఇనుప తాడు చుట్టి ఉంటది. ఆ తాడుకు టబ్బులను వరుసగా తగిలించి దించుతారు, గుంజుతారు. ఇప్పుడు చాలా బాయిల్లో బొగ్గు బెల్టు మీద వస్తుంది. అయినా సామాను దించడానికి తాడు కావాలి. తాడు తెగినా, కప్లింగు ఊడినా, బ్రేకు పట్టకపోయినా టబ్బులు కిందికి ఉరుకుతాయి. ఆ బరువు ముందు మనిషి నిలవలేడు.

అందుకే ఏటవాలు పైన స్టాప్‌బ్లాక్ పెడతారు. అది పట్టాలకు అడ్డుగా ఉండే దిమ్మ. పైకి ఎక్కే వరుసలో చివరి టబ్బు వెనుక బ్యాక్‌స్టే తగిలిస్తారు. ఇది నేల మీద ఈడ్చుకుంటూ వచ్చే ఇనుప కడ్డీ. టబ్బు వెనక్కి జారితే నేలలో గుచ్చుకుంటది. ఇంకొకటి రన్‌అవే స్విచ్. ఇది ఇంట్లో లైటు వేసే స్విచ్ కాదు. ఉరికి వచ్చే టబ్బులను పట్టాల మీది నుంచి పక్కకు దింపేది. మనుషులు తప్పుకోవడానికి గోడలో మ్యాన్‌హోళ్లు ఉంటాయి. చీకట్లో కనపడాలని వాటికి సున్నం వేస్తారు. తాడు నడిచేటప్పుడు ఆ దారిన నడవకూడదు. షిఫ్టు దిగి అలసిపోయిన మనిషికి ఇదే కష్టం. ఇంటికి పోవాలన్న తొందర ఉంటది.

1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లో ఈ జాగ్రత్తలున్నాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనల్లోనూ ఉన్నాయి.

ప్రమాదం జరిగినప్పుడు కాగితంలో ‘టబ్బులు రన్‌అవే అయినవి’ అని రాస్తే, టబ్బులు ఏం చేశాయో తెలుస్తది. పట్టు ఎక్కడ తప్పిందో తెలియదు. ఆ కాగితం చేతికి వచ్చిన ఇల్లాలు అడగవలసినవి ఇంకా ఉన్నాయి. బ్యాక్‌స్టే తగిలించారా? స్టాప్‌బ్లాక్ మూసి ఉందా? తాడును, కప్లింగులను చూసి రాసే పుస్తకంలో ఆ రోజు ఏం రాశారు?