కొమ్ముకు కావలసింది ఏ నెల వాన?

అమెరికాలోని దక్షిణ టెక్సాస్ ముళ్లపొదల బీళ్లలో తిరిగే తెల్లతోక జింకకు ఏటా కొమ్ములు రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో మొదలైన కొమ్ము ఆగస్టు ముగిసేసరికి పూర్తి కావాలి. అంటే ఉన్న గడువు దాదాపు ఐదు నెలలు. మంచి ఊపు మీదున్న వేసవి రోజుల్లో, వయసొచ్చిన మగజింకకు కొమ్ము రోజుకు 6 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. అప్పుడది చూడటానికి ఎముకలా ఉండదు. సన్నటి నూగున్న చర్మం కప్పుకుని, ముట్టుకుంటే వెచ్చగా, కొన దగ్గర మెత్తగా ఉంటుంది. ముల్లు గీసుకుంటే రక్తం కారుతుంది. ఈ చర్మాన్నే వెల్వెట్ అంటారు.

పెరుగుతున్న కొమ్ములో నీరు తీసేస్తే మిగిలేదాంట్లో సుమారు 80 శాతం మాంసకృత్తులే. గట్టిపడ్డాక అవి 45 శాతానికి తగ్గి, మిగతా చోటును ఖనిజాలు ఆక్రమిస్తాయి. కిలో ఎండుకొమ్ములో దాదాపు 220 గ్రాముల కాల్షియం, 110 గ్రాముల భాస్వరం ఉంటాయి. ఎదిగిన మనిషి ఒంట్లో ఉన్న కాల్షియం అంతా కలిపితే కిలో. ఆ లెక్కన 70 కిలోల జింక కొద్ది వారాల్లో ఎంత పోగు చెయ్యాలో ఆలోచించండి. మేత ఒక్కటే అంత ఇవ్వలేదు. అందుకే అది తన పక్కటెముకల నుంచే ఖనిజాన్ని తీసి కొమ్ముకు పంపుతుంది. ఆ ఎముకలు కొన్నాళ్లు గుల్లబారి, తర్వాత తిండితో మళ్లీ పూడుకుంటాయి.

ఖనిజాన్నయితే ఇలా సొంత ఎముకల నుంచి సర్దుకోవచ్చు. మాంసకృత్తుల దగ్గరే అసలు చిక్కు. ఒంటిని నిలబెట్టుకోవడానికి మేతలో 6 నుంచి 8 శాతం మాంసకృత్తులుంటే జింకకు సరిపోతుంది. కొమ్ము బాగా పెరగాలంటే 16 శాతం వరకు కావాలి. టెక్సాస్‌లోని కెర్ వన్యప్రాణి కేంద్రంలో 1970ల నుంచి సాగిన ప్రయోగాల్లో కొన్ని మగజింకలకు 16 శాతం, మరికొన్నింటికి 8 శాతం మాంసకృత్తులున్న దాణా పెట్టి చూశారు. తక్కువ తిన్నవి బతికాయి, ఎదిగాయి, కానీ కొమ్ములు మాత్రం స్పష్టంగా చిన్నవిగా మిగిలాయి. శరీరం ముందు ప్రాణం చూసుకుంటుంది. మిగిలిందే కొమ్ముకు.

అడవిలో ఆ 16 శాతాన్ని ఇచ్చేది దాణా కాదు, వాన. అయితే ఏడాది మొత్తం ఎన్ని అంగుళాలు కురిసిందన్న అంకె చూసి కొమ్ము సైజు చెప్పేద్దామనుకుంటే పప్పులో కాలేసినట్టే. వసంతంలో జింకలు ఎగబడి తినేది గడ్డిని కాదు, వెడల్పాటి ఆకుల లేత కలుపు మొక్కలను. వాటి గింజలు చాలావరకు మొలకెత్తేది అంతకు ముందటి సెప్టెంబరు, అక్టోబరు, చలికాలం జల్లులకే. మన దగ్గర వానాకాలం మిగిల్చిన తేమ మీద రబీ శనగ పండినట్టే ఇదీను. కొమ్ము మొగ్గ తొడగకముందే దాని జాతకం సగం రాసేసి ఉంటుంది. మిగతా సగం ఏప్రిల్ నుంచి జూన్ దాకా పడే వానల చేతిలో ఉంటుంది. జూలైలో కుండపోత కురిసినా కొమ్ముకు ఒరిగేది తక్కువే, అప్పటికి పెరుగుదల చాలావరకు అయిపోతుంది.

2010 అక్టోబరు నుంచి 2011 సెప్టెంబరు వరకు టెక్సాస్‌లో సగటున పడింది దాదాపు 11 అంగుళాలు. మామూలుగా పడేది 27 అంగుళాల దరిదాపు. ఆ రాష్ట్రం చూసిన అతి పొడి ఏడాది అది. అంతకన్నా ముఖ్యంగా, కలుపు మొక్కలు మొలవాల్సిన నెలలూ కొమ్ము పెరగాల్సిన నెలలూ రెండూ ఎండిపోయాయి. పాలు చాలక ఆ ఏడు పిల్లలూ తక్కువే దక్కాయి.

ఇక్కడ వయసును లెక్కలోంచి తీసేస్తే తప్పు అంచనాకొస్తాం. ఏడాదిన్నర మగజింక కొమ్ములు దాని జీవితంలోని గరిష్ఠ పరిమాణంలో పావు వంతుకు కాస్త ఎక్కువ. రెండున్నరేళ్లకు దాదాపు 60 శాతం, అయిదారేళ్లకు నూరు. కాబట్టి కరువు ఏడు కూడా కుర్ర జింక కొమ్ము నిరుటికన్నా పెద్దదిగానే కనిపించవచ్చు. కరువు దెబ్బ ఎంతో తెలియాలంటే అయిదేళ్లు దాటినవాటిని చూడాలి.

నన్ను బాగా కదిలించిన పరిశోధన మాత్రం సౌత్ డకోటాది, 2009లో అచ్చయింది. మేత నాసిగా ఉండే బ్లాక్ హిల్స్ నుంచీ, సారవంతమైన తూర్పు ప్రాంతం నుంచీ జింకపిల్లల్ని తెచ్చి, ఒకే మేలైన దాణాతో పెంచారు. కొండల నుంచి వచ్చిన మగపిల్లలు కడుపునిండా తిన్నా చిన్నగానే ఉండిపోయాయి. కానీ కొండ తల్లులకు ఆ దాణా మీదే పుట్టిన కొడుకులు తూర్పువాటితో సమానంగా ఎదిగాయి. జాతి లక్షణమని తేల్చేసేవాళ్లకు ఇది గట్టి జవాబు. తల్లి గర్భంతో ఉన్నప్పటి మేత కొడుకు కొమ్ములో ఏళ్ల తర్వాత కనిపిస్తోంది.

వాన ఒక్కటే కాదు, చలి కూడా పనిచేస్తుంది. 2005 చలికాలంలో స్పెయిన్‌ను గట్టి మంచు దెబ్బతీసింది. ఆ ఏడు అక్కడి ఎర్రజింకల కొమ్ములు మామూలుకన్నా ఎక్కువగా విరిగాయి. చలికి మొక్కల్లో మాంగనీసు తగ్గడం వల్లనేనని పరిశోధకులు భావించారు.

కొమ్ము ఎంత పెరగాలో వాతావరణం చెబితే, ఎప్పుడు పెరగాలో తెల్లతోక జింకకు పగటి పొడవు చెబుతుంది. దక్షిణ టెక్సాస్‌లో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా మూడున్నర గంటలకు దగ్గర. మన నల్లమలలో అది రెండు గంటల లోపే. నల్లమలలో కనిపించే చుక్కల దుప్పి, అంటే తెలంగాణ రాష్ట్ర జంతువు, ఈ గడియారానికి అంతగా కట్టుబడదు. ఒకే మందలో ఒక మగదానికి ముదురు కొమ్ములుంటే పక్కదానికి వెల్వెట్ ఉంటుంది. (ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకది వేరే కథ. దాని కొమ్ములు రాలనే రాలవు.) 1930లలో ఈ దుప్పులను టెక్సాస్‌కూ తీసుకెళ్లారు. గడ్డితో బాగా నెట్టుకురాగలవు కనుక లేత ఆకు దొరకని ఏళ్లలో తెల్లతోకల కన్నా నిబ్బరంగా ఉంటాయి. ఇన్ని తరాల తర్వాత కూడా అక్కడ వాటిలో ఏదో ఒకటి ఏ నెలలో చూసినా వెల్వెట్‌లోనే కనిపిస్తుంది.