పన్ను తగ్గింది.. బిల్లు తగ్గిందా?

2025 సెప్టెంబరు 22న ఒంటిసబ్బులు, షాంపూలు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బతుకమ్మ రోజులు కదా, మనం సంబరపడ్డాం. నిజామాబాద్, బోధన్ లాంటి ఊళ్లలో కిరాణా కొట్టువాళ్లకి మాత్రం అదో తలనొప్పి. ఎందుకంటారా? ఒంటిసబ్బుకి పన్ను తగ్గింది, బట్టల పొడికి తగ్గలేదు. చక్కెరకి ముందునుంచీ 5 శాతమే. కాబట్టి కౌంటరు మీది కంప్యూటర్లో ఒక్కో వస్తువునీ విడిగా దిద్దాలి. అదీ పండుగ రద్దీలో!

లెక్క చూడండి. 118 రూపాయల షాంపూలో అసలు ధర 100, పన్ను 18. పన్ను 5 శాతమైతే అది 105కి రావాలి. సాఫ్ట్‌వేర్‌లో పన్ను శాతం మార్చి, ధర మార్చడం మరిచారనుకోండి. బిల్లు 118కే వస్తుంది. కింద మాత్రం 'పన్ను 5 శాతం' అని ముద్దుగా అచ్చవుతుంది! పాత ధర మీద పది శాతం డిస్కౌంటు ఇచ్చినా 106 రూపాయల 20 పైసలు. అది తగ్గింపు కాదు, రూపాయి పైచిలుకు ఎక్కువే.

ఇంటిముందు కొట్టు నడుపుకునే అక్కచెల్లెళ్లకి ఇందులో పోయేది డబ్బు కాదు, నమ్మకం. ఒక్క బిల్లు తేడా వస్తే వాడకం ఖాతాలే పక్క కొట్టుకి వెళ్లిపోతాయి. అందుకే పన్ను మారినప్పుడల్లా రోజూ అమ్ముడుపోయే సరుకుల ధరలు ముందు దిద్దుకోవాలి.

కొనే మనం తగువుకి దిగక్కర్లేదు. బిల్లు తీసుకుని, "దీని ధర మార్చారా అన్నా?" అని నెమ్మదిగా అడిగితే చాలు. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.