అమెరికా బడి నాటకం

అమెరికా హైస్కూళ్లలో నాటకం అంటే వార్షికోత్సవానికి హడావిడిగా తయారుచేసే అంశం కాదు; చాలాచోట్ల అది ఏడాది పొడవునా సాగే శిక్షణ. శరదృతువులో మాటల నాటకం, వసంతంలో మ్యూజికల్ వేయడం పరిపాటి. పాత్రలకు ఆడిషన్లు పెడతారు. బడి వదిలాక వారాల తరబడి రిహార్సల్స్ నడుస్తాయి.

తెర వెనక పని మరింత ఆసక్తికరం. సెట్లకు చెక్క కోసేది, లైట్లు బిగించేది చాలావరకు విద్యార్థులే. స్టేజి మేనేజర్‌గా ఉన్న విద్యార్థి దగ్గరుండే స్క్రిప్టులో ఏ మాటకు లైటు ఆరాలో, ఎప్పుడు తెర కదలాలో పెన్సిలు గుర్తులుంటాయి. ప్రదర్శన మొదలయ్యాక హెడ్‌సెట్‌లో ఆ విద్యార్థి చెప్పిందే వేదం. పదహారేళ్ల వయసులో అంత బాధ్యత అప్పగించే తరగతి మరొకటి దొరకడం కష్టం.

కాపీరైటున్న నాటకం వేయాలంటే బడి అయినా సరే అనుమతి తీసుకుని, రుసుము కట్టాలి. 1938లో రంగస్థలమెక్కిన థార్న్‌టన్ వైల్డర్ రాసిన ‘అవర్ టౌన్’ బడులకు ఎంతో ఇష్టమైన నాటకం. పాత్రలు ఎక్కువ, ఖర్చు తక్కువ. బల్లలు, కుర్చీలు, రెండు నిచ్చెనలు ఉంటే ఊరంతా వేదిక మీదికి వచ్చేస్తుంది.

1929లో మొదలైన, బడి నాటక విద్యార్థుల గౌరవ సంస్థ ఇంటర్నేషనల్ థెస్పియన్ సొసైటీకి శాఖలున్న బడుల్లో, కష్టపడిన విద్యార్థులకు అందులో సభ్యత్వం దక్కుతుంది. నటనకే కాదు, సెట్టు కట్టినందుకూ ఆ సభ్యత్వానికి పాయింట్లుంటాయి.