జానెడు చేప జమాఖర్చులు

అట్లాంటా, షార్లెట్ నగరాల్లోని తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్ వస్తే గాట్లిన్‌బర్గ్ ప్రయాణం మామూలే. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకు టెనెసీ వైపు వాకిలి ఆ ఊరు. కారులో కొండెక్కి, శిఖరం దగ్గర ఫోటోలు దిగి, తిరుగుదారిలో ఏదో ఒక వాగులో కాళ్ళు పెట్టి, అమ్మో చల్లదనం అంటూ వెనక్కి లాక్కుంటారు. ఆ పక్కనే నీళ్ళలో జానెడు చేప ఒకటి ఉండి ఉంటుంది. కాళ్ళు నీళ్ళను తాకేలోపే అది బండ కిందికి దూరిపోయి ఉంటుంది కూడా.

దాని పేరు బ్రూక్ ట్రౌట్. అక్కడి కొండవాళ్ళు ‘స్పెక్’ అంటారు. వీపు మీద మెలికలు తిరిగిన లేత గీతలు, పక్కల మీద నీలి వలయం మధ్య ఎర్ర చుక్కలు, పొట్ట కింది రెక్కల అంచున తెల్లటి పట్టీ. దక్షిణ అపలాచియన్ కొండల్లో ట్రౌట్ అని పిలిచే వాటిలో ఇదొక్కటే ఆ నేలకు చెందింది. మిగతా రెండూ వలస వచ్చినవి. రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరం నుంచి వస్తే, బ్రౌన్ ట్రౌట్ 1880లలో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో ఓడెక్కి అమెరికా చేరింది. స్మోకీ వాగుల్లో తొమ్మిది అంగుళాల బ్రూక్ ట్రౌట్ అంటే పెద్దదే. నాలుగేళ్ళు బతికిందంటే ముసలిదే.

ఒక్క అంగలో దాటగల వాగులో ఇంత చిన్న చేప కోసం పెద్దవాళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ, ఈకలు చుట్టిన కొక్కెం విసురుతుంటే చూసేవాళ్ళకు వెర్రిగానే ఉంటుంది. కానీ ఆ పాకడానికీ ఆ ఈకలకూ ఆ విసురుకూ ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. కారణాలన్నీ చేప వైపు నుంచి మొదలవుతాయి.

ముందు నీటి సంగతి. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. మన చెరువులు ఎండాకాలంలో ఆ వేడికి సులువుగా చేరతాయి. బొచ్చె, రోహు తట్టుకుంటాయి. బ్రూక్ ట్రౌట్‌కు 20 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. తూర్పు కనుమల వాగుల్లో ట్రౌట్ కనబడకపోవడంలో వింతేమీ లేదు. మన దేశంలో ఏ ట్రౌట్‌నైనా చూడాలంటే కశ్మీర్‌కో, హిమాచల్‌లోని తీర్థన్ లోయకో, నీలగిరులకో, మున్నార్ పై కొండలకో వెళ్ళాలి. అక్కడున్నవీ బ్రిటిష్ వాళ్ళ కాలంలో గుడ్లు తెప్పించి వదిలిన వాటి సంతతే.

చల్లనీళ్ళలో ఊపిరికి లోటుండదు గాని కడుపుకు లోటే. కొండవాగు వాలు మీద ఉరుకుతుంటుంది. దానికి ఎదురీదుతూ నిలబడాలంటే క్షణక్షణానికీ ఖర్చు. నీళ్ళలో కొట్టుకొచ్చే పురుగే జమ. ఖర్చు జమను దాటితే చేప చిక్కి చస్తుంది. అయితే నీటి వడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పైన ఎక్కువగా, అడుగున రాళ్ళ రాపిడి వల్ల తక్కువగా ఉంటుంది. పెద్ద బండ వెనక నీళ్ళు దాదాపు నిలిచిపోతాయి. బండ ముందు కూడా ప్రవాహం తన్నుకుని చీలేచోట కాస్త నిదానించిన నీరు ఉంటుంది. ట్రౌట్ ఒళ్ళంతా ఆ నిదానపు నీటిలో దాచుకుని, ముక్కు మాత్రం వడి నీటి అంచున పెడుతుంది. తిండి మోసుకొచ్చే పని వడి నీటిది, తాను చేయాల్సింది పక్కకు జరిగి నోరు తెరవడమే.

పెన్సిల్వేనియాలోని స్ప్రూస్ క్రీక్ దగ్గర రాబర్ట్ బాక్‌మన్ అనే శాస్త్రవేత్త మంచె మీద కూర్చుని బ్రౌన్ ట్రౌట్‌లను ఏళ్ళ తరబడి గమనించాడు. ఒక్కో చేపనూ ఒంటి మీది చుక్కలను బట్టి గుర్తుపట్టేవాడు. 1984లో వెలువడిన ఆయన పత్రం ప్రకారం అడవి చేప పగలంతా కొద్దిపాటి జాగాలోనే, అవే కొన్ని చోట్ల నిలబడి తింటుంది. హేచరీలో పెరిగి వాగులోకి వచ్చిన చేపల తీరు వేరు. అవి ఎక్కువ తిరిగాయి, తక్కువ తిన్నాయి, ఖర్చెక్కువయ్యే చోట్లలో నిలబడ్డాయి. తొట్టెలో వేళకు మేత పడుతుంటే ఈ లెక్క నేర్చుకోవాల్సిన అవసరమే రాదు మరి.

చిన్న వాగులో అనుభవమున్న వేటగాడు చేప కోసం వెతకడు. నీటిని చదువుతాడు. నురగ ఎక్కడ గీతలా సాగుతోంది, ఏ బండ వెనక ఆకు సుడి తిరుగుతోంది, తెల్లనీటి పక్కన నల్లగా కనిపించే లోతు ఎంత ఉంది అని చూస్తాడు. నురగ ఏ దారిన పోతే పురుగులూ ఆ దారినే పోతాయి. ఆ దారి పక్కన, దాక్కునే చోటుకు దగ్గరగా ఉన్న నిదానపు నీటిని వాగులో ఉన్నవాటిలో పెద్ద చేప పట్టుకుంటుంది. దాన్ని పట్టి తీసుకుపోతే ఖాళీ అయిన చోటులోకి తరువాతిది వచ్చి చేరుతుంది.

ఇక తిండి. వాగులో తడి రాయి ఒకటి తిరగేస్తే గోరంత పురుగులు గబగబా నీడవైపు పరిగెత్తుతాయి. పొట్ట పక్కల సన్నటి మొప్పలు ఆడిస్తూ, చాలావాటికి తోకగా మూడు పోగులుండేవి మేఫ్లై పిల్లలు. ఇసుక రేణువులో పుల్లముక్కలో పట్టుదారంతో అతికించి గొట్టం కట్టుకుని అందులో ఉండేవి కాడిస్‌లు. రెండే తోకలతో బల్లపరుపుగా ఉండేవి స్టోన్‌ఫ్లైలు. మేఫ్లై దాదాపు ఏడాది పాటు రాతి మీది పాచి గీక్కుతింటూ గడుపుతుంది. తరువాత ఒకరోజు నీటి పైకి తేలి, చర్మం చీల్చుకుని, రెక్కలతో బయటపడుతుంది. ఎగరడానికి సిద్ధమయ్యేదాకా నీటి మీద తేలుతూ పోతుంది. చేపలకు అదే అదను. తప్పించుకున్నది చెట్టెక్కి మరోసారి చర్మం వదులుతుంది. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే కీటకం ప్రపంచంలో ఇదొక్కటే. పెద్దయ్యాక దానికి పనిచేసే నోరు ఉండదు. జతకట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

రెక్కలు రాని పురుగులు కూడా పట్టు జారి కొట్టుకుపోతుంటాయి. జపాన్‌లో తనాకా, అమెరికాలో థామస్ వాటర్స్ 1960 ప్రాంతంలో వాగులకు వలలు కట్టి ఈ కొట్టుకొచ్చే పురుగులను వేళలవారీగా లెక్కపెట్టారు. పగటికన్నా చీకటి పడ్డాక అవి ఎన్నో రెట్లు పెరిగాయి. చూపుతో వేటాడే చేపకు పురుగు చిక్కకుండా ఉండేందుకు ఇదొక దారి. సాయంత్రం వేళ, ఇంకా కాస్త వెలుగున్నప్పుడు ట్రౌట్ చురుగ్గా తినడానికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుంది.

‘ఫ్లై’ అంటే ఈ పురుగులకు నకలు. చిన్న కొక్కానికి దారం చుట్టి, కోడిపుంజు మెడ ఈకనో దుప్పి వెంట్రుకలనో కడతారు. ఈక పోగులు నీటి తలతన్యత మీద కాళ్ళలా ఆనుకుని కొక్కాన్ని తేలుస్తాయి. ఏ పురుగుకు ఏ ఫ్లై అన్న వాదన మీద పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. ఆ వాదన పెన్సిల్వేనియాలోని లెటార్ట్ లాంటి సున్నపురాతి ఊటవాగుల్లో చెల్లుతుంది. అక్కడ పోషకాలు ఎక్కువ, పురుగులు పుష్కలం, కాబట్టి చేపకు ఏరుకునే వీలుంటుంది. స్మోకీ కొండల్లో చాలా వాగులు ఇసుకరాతి మీద పారతాయి. నీళ్ళలో పోషకాలు బహు తక్కువ, పురుగులూ అంతంతే. నిమిషానికొకటి వచ్చే తిండిలో వంకలు పెట్టే చేప అక్కడ బతకదు. అందుకే ఆ కొండల్లో ఫ్లై రంగు కన్నా అది వచ్చే తీరే ముఖ్యం. ఖరీదైన ఫ్లైల పెట్టె తెచ్చుకున్నవాడికి ఈ మాట అంతగా రుచించదు. పాత తరం వాళ్ళు ‘యల్లర్‌హామర్’ అనే ఒక్క నమూనాతోనే కాలం వెళ్ళబుచ్చారు. వడ్రంగిపిట్ట జాతికి చెందిన ఫ్లికర్ పిట్ట పసుపు ఈకతో కట్టేవారు దాన్ని. 1918 నాటి వలసపక్షుల చట్టం కింద ఆ ఈక దగ్గర ఉంచుకోవడం నేరం కాబట్టి ఇప్పుడు వేరే ఈకలకు పసుపు రంగు వేసి కడుతున్నారు.

మరి పాకడం ఎందుకు? దానికి జవాబు కాంతి వక్రీభవనంలో ఉంది. నీటి అడుగు నుంచి చూసే కంటికి బయటి ప్రపంచమంతా, ఈ దిగంతం నుంచి ఆ దిగంతం దాకా, తలపైన ఒక గుండ్రటి కిటికీలోకి కుదించుకుని కనిపిస్తుంది. ఈ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. వ్యాసం లోతుకు రెండుంపావు రెట్లు. అడుగు లోతున ఉన్న చేపకు అది సుమారు 69 సెంటీమీటర్లే. కిటికీ అవతల నీటి పైతలం అద్దమైపోయి వాగు అడుగునే తిరిగి చూపిస్తుంది. ఫ్లై ఇంకా ఆ అద్దం మీద ఉండగా చేపకు రెక్కలు కనబడవు. కాళ్ళు ఆనిన చోట నీటి పొర నొక్కుకున్న గుర్తులే మెరుస్తాయి. కిటికీ అంచుకు చేరుతుండగా ముందు రెక్కల కొసలు, ఆపైన ఒళ్ళు కనిపిస్తాయి. విన్సెంట్ మరినారో అనే అమెరికన్ రచయిత గాజు తొట్టె కట్టి ఈ దృశ్యాన్నే ఫోటోలు తీసి 1976లో పుస్తకంగా వేశాడు.

నేలబారుగా వచ్చే కాంతి కిటికీ అంచున పలచటి పట్టీగా నలిగిపోతుంది. నీటిమట్టానికి 10 డిగ్రీల ఎత్తు నుంచి వచ్చే కాంతిలో మూడో వంతు నీళ్ళలోకి దిగకుండానే పరావర్తనం చెందుతుంది. ఆరు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి తల దాదాపు 16 డిగ్రీల ఎత్తున స్పష్టంగా కనిపిస్తే, మోకాళ్ళ మీద కూర్చుంటే పదిలోపుకు దిగిపోతుంది. పైగా చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా చూస్తుంటుంది కాబట్టి వేటగాడు దిగువ నుంచి ఎగువకు, దాని వీపు వెనక నుంచి వస్తాడు. మాట్లాడుకోవచ్చు, ఇబ్బంది లేదు. గాలిలోని శబ్దశక్తి దాదాపు అంతా నీటి పైతలం మీదే తిరిగిపోతుంది. కాలి కింద కదిలిన రాయి మాత్రం చేపకు చెవిలోనూ, ఒంటి పొడవునా ఉండే పార్శ్వరేఖ మీదా తెలిసిపోతుంది.

విసరడంలో ఉన్న చిక్కు బరువు. చెరువు గట్టున గాలం వేసేవాడికి సీసపు ముక్కో ఎరో దారాన్ని లాక్కుపోతుంది. ఈకలు చుట్టిన కొక్కానికి ఆ బరువెక్కడిది? కాబట్టి బరువును ‘లైను’ అనే ఆ దారంలోనే పెట్టారు. అమెరికన్ ప్రమాణం ప్రకారం అయిదో నంబరు లైను మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు తొమ్మిది గ్రాములు. వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి విసిరితే లైను మడత పడి విప్పుకుంటూ పోతుంది. కదులుతున్న భాగం తగ్గేకొద్దీ వేగం పెరిగి కొస దాకా చేరుతుంది. చర్నాకోల ఠప్పుమనే సూత్రమూ ఇదే.

చిన్న వాగులో ఈ విద్య సగం పనికిరాదు. రోడోడెండ్రాన్ పొదలు రెండు గట్ల నుంచీ కమ్ముకుని ఉంటాయి, వెనక్కి విసిరితే కొమ్మకు చిక్కుతుంది. అక్కడ ఫ్లైని కొక్కెం వంపు దగ్గర వేళ్ళతో పట్టుకుని, లైను లాగి రాడ్‌ను విల్లులా వంచి వదిలేస్తారు. సన్నటి సందులోంచి దూసుకెళ్ళి అది బండ పక్కన పడుతుంది. ఆ తరువాతి రెండు మూడు క్షణాలే అసలు పరీక్ష. లైను వడి నీటికి అడ్డంగా పడితే ప్రవాహం దాన్ని లాగుతుంది, ఫ్లై నీటి మీద గీత గీస్తూ ఈడ్చుకుపోతుంది. ఏ పురుగూ అలా పోదు. చేప వెనక్కి తగ్గుతుంది. అందుకని రాడ్ ఎత్తి, లైను నీళ్ళకు తగలకుండా పట్టుకుని, ఫ్లైని ఒంటరిగా తేలనిస్తారు. జపాన్ కొండవాగుల్లో ఇవానా, యమామే చేపలు పట్టేవాళ్ళు రీలే లేకుండా పొడవాటి కర్రకు దారం కట్టి చేసే టెంకారా పద్ధతి కూడా ఈ చిక్కుకు విరుగుడే.

ఇంతా చేసి దొరికే చేప అసలక్కడ ఉందంటే దాని వెనక పెద్ద కథే ఉంది. 1901లో మొదలైన లిటిల్ రివర్ లంబర్ కంపెనీ 1930ల చివరి దాకా ఆ కొండలను నరికింది. నీడ పోయి నీళ్ళు వేడెక్కాయి, మట్టి కొట్టుకొచ్చి గుడ్లు పెట్టే గులకరాళ్ళ మధ్య పూడింది. ఖాళీ అయిన వాగుల్లో రెయిన్‌బోలు వదిలారు. బ్రూక్ ట్రౌట్ తన పాత జాగాలో సుమారు మూడొంతులు పోగొట్టుకుని కొండ పైకి నెట్టుకుపోయింది. 1934లో పార్కు వచ్చినా కొత్త చేపలను వదలడం 1970ల దాకా ఆగలేదు.

అన్నిటికన్నా విడ్డూరం 1957లో జరిగింది. రెయిన్‌బో వేట బాగుండాలని పార్కులోని ఏబ్రమ్స్ క్రీక్ దిగువ భాగంలో చేపలను చంపే రోటెనోన్ మందు కలిపారు. చచ్చి తేలిన వాటిలో వేలెడంత పొడవైనా లేని, మీసాలున్న చేప ఒకటి దొరికింది. అది శాస్త్రానికి కొత్త జాతి అని 1969లో తేలింది. స్మోకీ మాడ్‌టమ్ అని పేరు పెట్టేనాటికి అది అంతరించిందనే అనుకున్నారు. 1980లో పక్క పరీవాహకంలోని సిటికో క్రీక్‌లో బతికి కనిపించింది. 1980లలోనే దాన్ని పెంచి తిరిగి ఏబ్రమ్స్‌లో వదలడం మొదలుపెట్టారు.

అర్ధ శతాబ్దం తిరిగేసరికి అదే పార్కు, అదే తరహా మందు, లక్ష్యం మాత్రం తలకిందులు. 2008లో లిన్ క్యాంప్ ప్రాంగ్ అనే వాగులో యాంటీమైసిన్ వాడి రెయిన్‌బోలను తొలగించడం మొదలుపెట్టారు. కింద ఉన్న జలపాతాన్ని అవి తిరిగి ఎక్కలేవు. తరువాత పక్క వాగుల నుంచి బ్రూక్ ట్రౌట్‌లను తెచ్చి వదిలారు. 2015లో ఆ వాగును వేటకు తెరిచారు.

దొరికినవాటిని పట్టుకుపోతే మళ్ళీ కరువు రాదా? ఆ భయంతోనే 1976 నుంచి పార్కులో బ్రూక్ ట్రౌట్ పట్టడం నిషేధించారు. 2000ల మొదట్లో కొన్ని వాగులను ప్రయోగంగా తెరిచి, చేపలను లెక్కపెట్టి చూస్తే వేట వల్ల తేడా రాలేదు. 2006లో నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు ఒకే కొక్కెమున్న కృత్రిమ ఎర మాత్రమే వాడాలి, ఏడంగుళాల లోపువి వదిలేయాలి, రోజుకు అయిదే. వేట వల్ల తేడా రాకపోవడానికి కారణం లేకపోలేదు, వాగులో సగానికి పైగా చేపలు ఏటా ఎవరూ పట్టకుండానే చచ్చిపోతాయి. ముఖ్యంగా గులకరాళ్ళ మధ్య నుంచి పిల్లలు పైకొచ్చే వసంత కాలంలో పెద్ద వరద వస్తే ఆ ఏటి సంతానం దాదాపు మొత్తం కొట్టుకుపోతుంది. మరుసటేడు గాలం వేసేవాళ్ళకు అన్ని సైజులూ దొరుకుతాయి, ఆ ఒక్క సైజు తప్ప.